గేటు లేని జలపాతాలు

నార్వేలో పేరున్న కొన్ని జలపాతాలకు నీళ్లు ఎప్పుడు వదలాలో తేదీలు రాసిపెట్టి ఉంటాయి. హార్డాంగర్‌ ప్రాంతంలోని హుసెదాలెన్‌ లోయలో ఉన్న నాలుగింటికి ఆ బెడద లేదు. అయితే కారు అక్కడిదాకా పోదు. కాళ్లకు పని చెప్పాల్సిందే.

ఏటా జూన్‌ 1న వోరింగ్స్‌ఫొస్సెన్‌కు నీళ్లు వదులుతారు. అప్పటి నుంచి సెప్టెంబర్‌ 15 దాకా సెకనుకు కనీసం 12 ఘనపు మీటర్లు, అంటే మన లెక్కలో 420 క్యూసెక్కుల పైచిలుకు, కొండ అంచు మీదుగా దూకుతూ ఉండాలన్నది షరతు. ఆ తర్వాత పూచీ లేదు. ఇది ఏ ఎడమ కాల్వ ఆయకట్టు ముచ్చటో కాదు. నార్వే పోస్టర్ల మీదా, క్యాలెండర్ల మీదా దశాబ్దాలుగా కనిపిస్తున్న జలపాతం సంగతి. మొత్తం ఎత్తు 182 మీటర్లు. అందులో 163 మీటర్లు ఎక్కడా రాతిని తాకకుండా నేరుగా కిందికే. వేసవిలో దాని ముందు టూరిస్టు బస్సులు బారులు తీరతాయి. పైన కొండల్లో ఆనకట్టలు, సొరంగాలు. వాటి చివర, కొండ కడుపులో, 1,120 మెగావాట్ల సీమా విద్యుత్‌ కేంద్రం. నీళ్లలో ఎక్కువ భాగం అటు పోతుంది. చూడవచ్చినవాళ్ల వాటా ఇటు వస్తుంది.

దీన్ని చూసి నవ్వే హక్కు మనకు లేదు. శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో స్క్రోలింగ్‌ వచ్చిందంటే పులిహోర కట్టుకుని పిల్లాజెల్లాతో కార్లెక్కే జనం మనం. నీళ్లు దూకుతుంటే చాలు, వదిలిందెవరన్నది ఎవరికి పట్టింది? వోరింగ్స్‌ఫొస్సెన్‌ ముందు నిలబడినప్పుడూ ఆ ఆలోచన రాదు. రాత్రి గదికి వచ్చి ఆ షరతు గురించి చదివాకే, ఎవరూ వదలకుండా దూకే నీళ్లు ఎలా ఉంటాయో చూడాలనిపిస్తుంది. అందుకు పెద్ద దూరం పోనక్కర్లేదు. అక్కడి నుంచి గంట ప్రయాణంలో కిన్సార్విక్‌ ఉంది.

హార్డాంగర్‌ ఫియర్డ్‌ ఒడ్డున అదో చిన్న ఊరు. ఫియర్డ్‌ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఈ పాయ పొడవు 179 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 800 మీటర్ల పైమాట. ఊళ్లో 12వ శతాబ్దపు రాతి చర్చి, సూపర్‌ మార్కెట్‌, పెట్రోలు బంకు, గుడారాలు వేసుకునే స్థలాలు. ఆ చుట్టుపక్కల ఒడ్డంతా ఆపిల్‌, చెర్రీ, ప్లమ్‌ తోటలే. మే నెల మధ్యకల్లా తోటలు పూతకొస్తాయి. ఆ రోజుల్లోనే పైన మంచు కరగడం ఊపందుకుంటుంది. ఊరి పక్క నుంచే కిన్సో నది వచ్చి ఫియర్డ్‌లో కలుస్తుంది. దాని వెంబడి పైకి పోతే హుసెదాలెన్‌ లోయ. నది ఆ లోయలో నాలుగు మెట్లు దిగుతుంది, మెట్టుకొక జలపాతం. కింది నుంచి వరసగా త్వైతాఫొస్సెన్‌ 103 మీటర్లు, న్యాస్తోల్‌ఫొస్సెన్‌ 115, నిక్కెసోయ్‌ఫొస్సెన్‌ 49, అన్నిటికన్నా పైన సోతెఫొస్సెన్‌. దాని అంచెలన్నీ కలిపితే 246 మీటర్లు.

బెర్గెన్‌ నగరం నుంచి కిన్సార్విక్‌కు రోడ్డున రెండున్నర, మూడు గంటలు. నూర్‌హైమ్‌సుంద్‌ మీదుగా వెళితే దారిలో స్టైన్స్‌దాల్స్‌ఫొస్సెన్‌ తగులుతుంది. ఎత్తు పెద్దగా లేదు కానీ, దాని వెనక నుంచి కాలిబాట ఉంది. తల తడవకుండా జలపాతం వెనక్కి వెళ్లి నీటితెర గుండా లోకాన్ని చూసి రావచ్చు. జర్మన్‌ చక్రవర్తి రెండో విల్హెల్మ్‌ నార్వే వచ్చినప్పుడల్లా ఇక్కడికి వచ్చేవాడట. అక్కడి నుంచి ముందుకు పోతే 2013లో తెరిచిన హార్డాంగర్‌ వంతెన. రెండు స్తంభాల మధ్య 1,310 మీటర్ల వేలాడే వంతెన అది. వంతెన దిగకముందే సొరంగం, సొరంగంలోనే నీలిరంగు దీపాలతో రౌండ్‌ అబౌట్‌. కొండను తొలిచి లోపల కూడలి కట్టుకున్న వీళ్లకు నదిని సొరంగంలోకి మళ్లించడం ఒక లెక్కా అనిపిస్తుంది.

శిఖరం లేని కొండ

కింద ఫియర్డ్‌ ఒడ్డున నిలబడి తలెత్తితే, ఈ నిటారు గోడల పైన ఏవో సూదిమొన శిఖరాలు ఉంటాయనుకుంటాం. ఉండవు. చెమటలు కక్కుతూ పైకి చేరితే కనిపించేది మైదానం. హార్డాంగర్‌విడ్డా అంటారు. కోట్ల ఏళ్ల గాలివానలకు అరిగి చదునైపోయిన పాత పర్వతాలివి. సముద్రమట్టానికి 1,100, 1,200 మీటర్ల ఎత్తున చెట్టన్నది లేని నేల. ఎటు చూసినా చిన్నా పెద్దా మడుగులు, నాచు, రాళ్లు, అడవి రెయిన్‌డీర్ల మందలు. ఇందులో 3,422 చదరపు కిలోమీటర్లను 1981లో జాతీయ పార్కు చేశారు. ప్రధాన భూభాగంలో నార్వేకు ఇంతకన్నా పెద్ద జాతీయ పార్కు లేదు.

ఏడాదిలో సగానికి పైగా ఆ మైదానం మంచు కింద ఉంటుంది. అంత మంచూ కరిగి సముద్రానికి చేరాలంటే వెయ్యి మీటర్లు దిగాలి. ఆ దిగే తీరు నిర్ణయించింది పాత మంచుయుగాలు. ప్రధాన లోయల్లో హిమానీనదాలు బలంగా కదిలి నేలను సముద్రమట్టం కన్నా లోతుకు తోడేశాయి. పక్క లోయల్లో మంచు పలచన, తవ్వకమూ తక్కువ. దాదాపు 10,000 ఏళ్ల కిందట మంచు వెనక్కి తగ్గేసరికి పక్క లోయలు గాల్లో వేలాడుతూ మిగిలిపోయాయి. వాటిలోని నదులకు దూకడం తప్ప దారి లేకపోయింది.

ఒకే మైదానం, ఒకే మంచు. కానీ దిగిన నీళ్ల తలరాత ఒకటి కాదు. పడమరన బ్యోరైయో నది వోరింగ్స్‌ఫొస్సెన్‌గా దూకుతుంది, తేదీల ప్రకారం. కాస్త దక్షిణాన త్యుస్సో నది పైపుల్లో దిగుతుంది. తూర్పున మోనా నది మీదున్న ర్యుకాన్‌ఫొస్సెన్‌, 104 మీటర్ల జలపాతం, 1911లో వేమోర్క్‌ విద్యుత్‌ కేంద్రం నడక మొదలెట్టాక ఏడాదిలో చాలా రోజులు బోసిగానే ఉంటోంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల భారజలం తయారీని 1943 ఫిబ్రవరిలో నార్వే కమెండోలు పేల్చేసింది ఆ వేమోర్క్‌లోనే. ఈ నదులన్నిటి మధ్యా కిన్సో ఒక్కటి తన దారిన తాను దూకుతోంది.

నాలుగు మెట్లు

ఊరి నుంచి కొద్ది దూరం కారులో పోయి లోయ మొదట్లో బండి ఆపాలి. పార్కింగ్‌కు డబ్బు కట్టాలి, నడకకు టికెట్‌ లేదు. నార్వేలో కొండలూ అడవులూ ఎవరి పేరున ఉన్నా, అందులో నడిచే హక్కు అందరిదీ. ఈ పాత ఆనవాయితీని 1957లో చట్టంగా రాసుకున్నారు. దారంటా గొర్రెలు మేస్తుంటాయి, వాటి మెడలో గంటలు. గేటు తీసి దాటినవాళ్లు మళ్లీ వేసి పోవాలి. రైతు పెట్టే షరతు అదొక్కటే.

మొదటి ముక్క నిలువు ఎక్కుడు. దారి వెడల్పుగానే ఉంటుంది, అందుకే చులకనగా కనిపిస్తుంది. పావుగంటలో ఊపిరి అందదు. ఇక్కడే ఒక పాత చిన్న విద్యుత్‌ కేంద్రం ఎదురవుతుంది. అంటే కిన్సో మరీ చేయి తగలని నది అనుకోనక్కర్లేదు. కింది మెట్టు దగ్గర ఊరివాళ్లు ఎప్పుడో కొంచెం వాడుకున్నారు. పైన ఆనకట్టలు మాత్రం లేవు, నీటిని పట్టి దాచుకునే జలాశయం లేదు. తేడా అంతా అందులోనే ఉంది. మంచు కరిగితే నది పొంగుతుంది, ఎండ కాస్తే తగ్గుతుంది, రాత్రి వాన పడితే తెల్లారేసరికి మళ్లీ ఉరుముతుంది.

త్వైతాఫొస్సెన్‌ దారి పక్కనే, చెట్ల సందుల్లోంచి కనిపిస్తుంది. చాలామంది ఇక్కడ ఫొటో తీసుకుని వెనక్కి పోతారు. పోనివ్వండి. అసలు నడక ఆ తర్వాతే. వెడల్పు దారి అయిపోయి బాట అడవిలోకి దూరుతుంది. బర్చ్‌ చెట్లు, మోకాలెత్తు ఫెర్న్‌ మొక్కలు, పాకిన వేళ్లు, తడి రాళ్లు. రాళ్ల మీద ఎర్రరంగుతో ఇంగ్లిష్‌ ‘టీ’ అక్షరం రాసి ఉంటుంది. 1868లో పుట్టిన నార్వే పర్వతయాత్రికుల సంఘం దేశమంతా పెట్టే గుర్తు అది. గుర్తు నుంచి గుర్తుకు నడిస్తే తప్పిపోరు. ఈ దేశపు కొండదారుల్లో చాలాచోట్ల రాతిమెట్లు పేర్చింది నేపాల్‌ నుంచి వచ్చిన షెర్పాలు. యంత్రం ఎక్కని చోట బండరాళ్లను ఎత్తి, తొలిచి, ఒకదానికొకటి కరుచుకునేలా పేర్చే విద్య వాళ్ల దగ్గరుంది. నార్వే వాళ్లు కబురు పెట్టి పిలిపించుకున్నారు.

న్యాస్తోల్‌ఫొస్సెన్‌ కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. చెట్ల వెనక నుంచి హోరు. దగ్గరయ్యే కొద్దీ పక్కవాళ్ల మాట వినపడదు. జూన్‌లో మేం వెళ్లేసరికి ఆకాశం నిర్మలంగా ఉంది, మా కోట్లు మాత్రం తడిసి ముద్దయ్యాయి. నీటి ధూళి బాటకు అడ్డంగా కొడుతూ ఉంటుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకు ఆ కాసేపు చూపు లేనట్టే. నాలుగింటిలో నాకు నచ్చింది ఇదే. ఎత్తు కోసం కాదు. మిగతావి నిలబడి చూసేవి, ఇది మనల్ని నిలబడనివ్వదు. నీళ్లు ఒక ధారగా రావు. దఫదఫాలుగా, పైనుంచి ఎవరో బిందెలు కుమ్మరించినట్టు, ఒక ముద్ద పడి విరిగేలోపు ఇంకో ముద్ద. పక్కనే బాట నిటారుగా ఎక్కుతుంది. తడి రాయి మీద కాలు జారితే పట్టుకోవడానికి బర్చ్‌ కొమ్మలు తప్ప ఏమీ ఉండవు. రెయిలింగులు ఉంటాయనుకుని రావద్దు.

ఈ హోరు పక్కన కాస్త ఓపిగ్గా కూర్చుంటే ఒక పిట్ట కనిపించే అవకాశం ఉంది. గోధుమరంగు ఒళ్లు, తెల్లటి గొంతు, రాయి మీద నిలబడి గుంజీలు తీస్తున్నట్టు ఊగుతుంది. హఠాత్తుగా ఆ ఉరవడిలోకే మునుగుతుంది. నీటి అడుగున నడిచి పురుగుల్ని ఏరుకుని మరోచోట తేలుతుంది. డిప్పర్‌ అంటారు. జలపాతం వెనక రాతి నెరియల్లో గూడు కట్టడం దానికి ఇష్టం. నార్వే వాళ్లు 1960లో దీన్నే జాతీయ పక్షిని చేసుకున్నారు. గద్దలూ డేగలూ ఉన్న దేశం పిడికెడంత పిట్టను ఎంచుకోవడం నాకు ముచ్చటేసింది.

న్యాస్తోల్‌ దాటాక లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. నది కూడా అలసట తీర్చుకుంటున్నట్టు వెడల్పుగా, గాజులా పారుతుంది. పూర్వం వేసవిలో కిందివూళ్ల వాళ్లు పశువుల్ని ఇలాంటి ఎత్తు పచ్చికల మీదికి తోలుకొచ్చి, రాతి గుడిసెల్లో మకాం పెట్టి, పాలు కాచి జున్నులు చేసుకునేవారు. ‘స్తోల్‌’ అంటే ఆ మకామే. ఇలాంటి చోటే అన్నం మూట విప్పాలనిపిస్తుంది. నార్వే వాళ్ల మూటలో రొట్టె ముక్కలు, వాటి మీద పాకంలా తియ్యగా ఉండే గోధుమరంగు జున్ను, ఒక చాక్లెట్‌ వేఫర్‌. మా మూటలో నిమ్మకాయ పులిహోర. చలిలో నూనె గట్టిపడుతుందని అప్పుడే తెలిసింది.

నిక్కెసోయ్‌ఫొస్సెన్‌ పొట్టిది. 49 మీటర్లే. మన దగ్గరైతే జిల్లాకే గొప్పగా చెప్పుకునే ఎత్తు, ఇక్కడ మధ్యలో వచ్చే చిన్నమెట్టు. వెడల్పుగా తెల్లటి తెరలా పడుతుంది. దగ్గరదాకా పోవచ్చు. కింద రాళ్ల మీద వాలి చూసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఎదురుగా లోయ చివర సోతెఫొస్సెన్‌ కనబడుతూ ఉంటుంది. కనబడుతున్నది దగ్గరే కదా అని బయల్దేరితే అది ఎంతకీ దగ్గరవదు.

చివరి ఎక్కుడు నున్నటి రాతి పలకల మీదుగా. హిమానీనదం అరగదీసిన పలకలు ఇవి, పొడిగా ఉంటే బూటు బాగా పట్టుకుంటుంది, వాన పడితే సబ్బుబిళ్ల. సోతెఫొస్సెన్‌ ఒక దూకుడుతో ఆగదు. పడి, రాతి గిన్నెలో సుడి తిరిగి, మళ్లీ పడుతుంది. పక్కన నిలబడి వెనక్కి తిరిగితే వచ్చిన లోయంతా, మూడు మెట్లూ, చివర ఫియర్డ్‌ వైపు తెరుచుకున్న కొండల సందూ ఒక్క చూపులో అందుతాయి. కార్ల దగ్గర నుంచి ఇక్కడికి మొత్తం మీద 600 మీటర్ల పైగా ఎక్కుతాం. మామూలు నడక వాళ్లకు పోనురాను అయిదారు గంటలు పడుతుంది.

ఈ లోయల వాళ్లకు జలపాతంలో ఒక సంగీతకారుడు ఉండేవాడు. ఫొస్సెగ్రిమ్‌ అని. హోరులో కూర్చుని ఫిడేలు వాయిస్తుంటాడు. గురువారం సాయంత్రం, ఎవరికంటా పడకుండా, మేకమాంసం తెచ్చి జలపాతంలో వేస్తే శిష్యుడి చేయి పట్టుకుని తీగల మీద రక్తం వచ్చేదాకా సాధన చేయిస్తాడట. మాంసం చాలకపోతే? శ్రుతి చేయడం నేర్పి వదిలేస్తాడు, వాయించడం రాదు. కథ సరే, హార్డాంగర్‌ ఫిడేలు మాత్రం నిజం. వాయించే నాలుగు తీగల కింద మరికొన్ని తీగలుండి వాటంతట అవి మోగుతాయి, మన సితార్‌లో తరఫ్‌ తీగల్లాగే. 1651 నాటిదని చెప్పే అతి పాత ఫిడేలు చేసింది కిన్సార్విక్‌ ఉన్న ఈ ఉల్లెన్స్‌వాంగ్‌ ప్రాంతంవాడే. స్వరకర్త ఎడ్వర్డ్‌ గ్రీగ్‌ 1870లలో కిన్సార్విక్‌ పక్కనే లోఫ్‌తూస్‌లో చిన్న కుటీరం పెట్టుకుని స్వరాలు రాసుకున్నాడు. 1896లో వోరింగ్స్‌ఫొస్సెన్‌ పైనున్న ఫొస్లీ హోటల్లో బస చేసి జానపద బాణీలతో తన 66వ కృతి మీద పని చేశాడు.

గడియారంతో కొలిచిన జలపాతం

వోరింగ్స్‌ఫొస్సెన్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బయటి లోకానికి దాని సంగతి చెప్పింది ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు, క్రిస్టోఫర్‌ హాన్స్‌తేన్‌, 1821లో. ఆయన పై నుంచి రాళ్లు విసిరి, జేబు గడియారం చూసుకుని ఎత్తు లెక్కగట్టాడు. లెక్క అసలుకన్నా చాలా ఎక్కువొచ్చింది, జలపాతం పేరు మాత్రం నిలబడిపోయింది. 1891లో అంచు మీద ఫొస్లీ హోటల్‌ కట్టారు. 2020లో లోయకు అడ్డంగా 47 మీటర్ల మెట్ల వంతెన వేశారు. 99 మెట్లు, కాళ్ల కింద శూన్యం. అంతకుముందు ఈ అంచుల్లో కాలుజారి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఇప్పుడు రెయిలింగులు, చూపు వేదికలు, చక్రాల కుర్చీ పోయే బాటలు ఉన్నాయి. నడవలేని అమ్మానాన్నలను వెంట తెచ్చుకున్నవాళ్లకు హుసెదాలెన్‌ కన్నా ఇదే మేలు. మోబోదాలెన్‌ లోయ అడుగు నుంచి జలపాతం పాదాల దాకా వెళ్లే బాట కూడా ఉంది కానీ, కొండచరియలు పడే ముప్పుతో దాన్ని అప్పుడప్పుడు మూసేస్తారు. కనుక్కుని వెళ్లాలి.

కరెంటుకు కట్టిన వెల

నార్వేలో తయారయ్యే విద్యుత్తులో దాదాపు 90 శాతం నీటిదే. ఈ మాట చదివితే పచ్చగా, శుభ్రంగా వినిపిస్తుంది. దానికి ఏం ఇచ్చారో చూడాలంటే కిన్సార్విక్‌ నుంచి దక్షిణంగా ఓడ్డా పట్టణం వైపు పోవాలి. త్యుస్సెదాల్‌లో ఫియర్డ్‌ ఒడ్డునే, రాజభవనంలాంటి పాత విద్యుత్‌ కేంద్రం కొండమీది నుంచి దిగే లావుపాటి పైపులతో నిలబడి ఉంది. 1906లో పని మొదలుపెట్టి, 1908 నుంచి ఓడ్డా కార్బైడ్‌ ఫ్యాక్టరీకి కరెంటిచ్చారు. ఫ్యాక్టరీ 2003లో మూతపడింది. విద్యుత్‌ కేంద్రం ఇప్పుడు మ్యూజియం. దాని పైన త్యుస్సెస్ట్రెంగెనె అనే జంట జలపాతం ఉండేది. 300 మీటర్ల నేరు దూకుడు, వోరింగ్స్‌ఫొస్సెన్‌కు దాదాపు రెట్టింపు. 1960లలో ఆ నీళ్లూ సొరంగంలోకి పోయాయి.

ట్రోల్‌టుంగా ఫొటో చూడనివాళ్లు ఈ రోజుల్లో అరుదు. నాలుకలా గాల్లోకి చాచిన బండ, దాని కొసన చేతులు చాపిన మనిషి, 700 మీటర్ల దిగువన నీలి సరస్సు. ఆ సరస్సు త్యుస్సెదాల్‌ కోసం కట్టిన రాతి డ్యామ్‌ వెనక నిండిన జలాశయం. ప్రకృతి ఫొటో అనుకుంటూ లక్షలమంది షేర్‌ చేసుకుంటున్న దాంట్లో సగం ఇంజినీర్ల పనే.

మనకిది కొత్త కథ కాదు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్‌ నది మీద డుడుమ జలపాతం ఉంది. 1955లో మాచ్‌ఖండ్‌ జలవిద్యుత్‌ కేంద్రం మొదలయ్యాక ఆ నది నీళ్లు ముందు టర్బైన్లకు, తర్వాతే జలపాతానికి. ఆ రోజుల్లో కోస్తా ఊళ్లకు వెలుగిచ్చిన కరెంటు అది. ఎవరూ తప్పనలేదు. అనే తీరిక ఎవరికీ లేదు.

నార్వేలో ఆ తీరిక 1970లో వచ్చింది. ఉత్తరాన మార్దాల్స్‌ఫొస్సెన్‌ అనే 705 మీటర్ల జలపాతాన్ని మళ్లించే పని మొదలైనప్పుడు, నిరసనకారులు కొండ మీద దారికి అడ్డంగా బైఠాయించారు. వాళ్లలో ఆర్నే నెస్‌ ఉన్నాడు. తత్వవేత్త, పర్వతారోహకుడు. గాంధీ అహింస మీద పుస్తకాలు రాసినవాడు. పోలీసులు ఆయన్ని చేతుల మీద ఎత్తుకుపోయారు. సబర్మతి పాఠం యూరప్‌ కొండల్లో ఒక జలపాతం కోసం అమలైంది. ఆ పోరాటం ఓడిపోయింది. మార్దాల్స్‌ఫొస్సెన్‌లో ఇప్పుడు నీళ్లు జూన్‌ 20 నుంచి ఆగస్టు 20 దాకా. కానీ 1973లో నార్వే పార్లమెంటు ఏ నదులను ముట్టుకోకూడదో మొదటి జాబితా వేసింది. తర్వాత జాబితా పెరుగుతూ వచ్చి ఇప్పుడు దాదాపు 390 నదీవ్యవస్థలకు రక్షణ ఉంది. కిన్సో అందులో ఒకటి. హుసెదాలెన్‌లో ఏ కాలంలో పోయినా నది తన ఇష్టానుసారం ఉంటుందన్న భరోసా ఈ జాబితా వల్ల వచ్చిందే.

భరోసాకు రెండో వైపు కూడా ఉంది. ఓడ్డా మధ్యగా పారే ఓపో నది కూడా రక్షణ జాబితాలోనిదే. దాని పైభాగంలోనే లోతెఫొస్సెన్‌, రోడ్డు వంతెన పక్కన రెండు పాయలుగా దూకి, కారు అద్దాలు తడిపే 165 మీటర్ల అందగత్తె. 2014 అక్టోబర్‌ చివర కుండపోత వానకు ఓపో గట్లు తెగ్గొట్టింది. నది అంచున ఉన్న అయిదు ఇళ్లు ఒక్కొక్కటిగా నీళ్లలోకి ఒరిగిపోయాయి. డ్యామ్‌ ఉంటే ఆ వరదను కొంతైనా పట్టి ఉంచేది కదా అన్నారు ఓడ్డా జనం. వరద సొరంగం తవ్వాలా, తవ్వితే అందులో టర్బైన్‌ పెట్టాలా, పెడితే లోతెఫొస్సెన్‌ గతేమిటి అన్న వాదన అప్పటి నుంచి సాగింది. రక్షిత నది అనే మాట టూరిస్టుకు ఒకలా, ఒడ్డున ఇల్లున్నవాడికి ఇంకోలా వినిపిస్తుంది. ఇళ్లు పోయినవాళ్ల ముందు నిలబడి జలపాతం అందం గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. అలాగని కిన్సోకు కూడా గేట్లు బిగిస్తామంటే ఒప్పుకోబుద్ధీ కాదు.

వెళ్లాలనుకుంటే

మే చివర నుంచి జూన్‌ ఆఖరు దాకా నీళ్లు ఉధృతం. ఆ రోజుల్లో రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది, చీకటి పడిపోతుందన్న కంగారు అక్కర్లేదు. జూన్‌ మొదట్లో సోతెఫొస్సెన్‌ పైన మంచు మిగిలి ఉండొచ్చు. ఆగస్టులో ఎండలు కాస్తే నది సన్నబడుతుంది, అదృష్టం బాగుండి రాత్రి వాన పడితే లేచొస్తుంది. గేటు లేని నదితో వచ్చిన చిక్కే ఇది, డబ్బు పోసి టికెట్‌ కొన్నా ఫలానా రోజు ఇంత నీరు అని ఎవరూ రాసివ్వరు. బ్లూబెర్రీలు మాత్రం ఆగస్టులోనే.

చీలమండ పట్టే బూట్లు, వాన ఆపే కోటు తప్పనిసరి. లోపల నూలు బట్ట వద్దు, తడిస్తే ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తుంది. ఉన్ని బనీను అయితే తడిసినా వెచ్చగానే ఉంటుంది. ఎక్కువమంది ట్రోల్‌టుంగాకూ, కిన్సార్విక్‌ నుంచి లోఫ్‌తూస్‌కు పోయే రాణీగారి బాటకూ ఎగబడతారు కాబట్టి హుసెదాలెన్‌లో రద్దీ తక్కువ. రాణి సోన్యా పేరు పెట్టిన ఆ బాట మీద ఫియర్డ్‌ దృశ్యాలు గొప్పవి కానీ, జలపాతాలు కావాలంటే అది కాదు.

నార్వే వాళ్ల కొండ నియమాలు తొమ్మిది. 1967 ఈస్టర్‌ సెలవుల్లో 18 మంది కొండల్లో చనిపోయాక వాటికి ఊరూరా ప్రచారం వచ్చింది. వాళ్లు మూటలో పెట్టుకునే చాక్లెట్‌ వేఫర్‌ కాగితం లోపల కూడా అవే అచ్చేసి ఉంటాయి. ఎనిమిదోది వేళకు వెనక్కి తిరగమంటుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదంటుంది. నిక్కెసోయ్‌ దగ్గర వాన మొదలైతే ఆ నియమం పాటించండి, పైన పలకలు అప్పుడు నమ్మదగ్గవి కావు. సోతెఫొస్సెన్‌ దాటి పోయేవాళ్లకు ఎర్ర గుర్తులు విడ్డా మైదానంలోని స్తావలి బస దాకా దారి చూపిస్తాయి. అక్కడ రాత్రి పడుకోవాలంటే ముందే చోటు చూసుకోవాలి. అదే రోజు కిందికి దిగేవాళ్లు ఎక్కడానికి పట్టినంత సమయమే దిగడానికీ ఉంచుకోవాలి. తడి వేళ్ల మీద, రాతిమెట్ల మీద మోకాళ్ల అసలు పరీక్ష దిగేటప్పుడే. కిన్సార్విక్‌ నుంచి బెర్గెన్‌ వైపు ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున్నే కనుక్కుని బయల్దేరండి.